ఇప్పుడే తిన్నానమ్మా

పోయిన నెల రక్తపరీక్షలు చేసే ఒక ఇరుకు గదిలో, సూది పట్టుకున్న అమ్మాయితో అబద్ధమాడాను. దానివల్ల నాకు ఒరిగేదేమీ లేదు, పోయేది మాత్రం ఉంది. మా నర్సీపట్నంలో నా ఈడు టీచర్లలో చాలామందికి ఉన్నట్టే నాకూ షుగరు ఉంది. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, ఇంటికొచ్చి టిఫిను తిని, రెండు గంటలయ్యాక మళ్ళీ వెళ్ళి ఇంకోసారి ఇవ్వాలి. ఆ రోజు నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి ఫోను మోగుతోంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ పాఠం చెప్పే జబ్బు నన్ను వదల్లేదు. కోటవురట్ల నుంచి ఒకమ్మాయి, గొలుగొండ నుంచి ఇద్దరు, ఊళ్ళోవాళ్ళు ముగ్గురు, అందరికీ ఫోన్లోనే ఇంగ్లీషు చెబుతుంటాను. ఆ పూట పాఠం జస్ట్, ఆల్రెడీ, యెట్, నెవర్ అనే మాటలు పర్ఫెక్ట్ టెన్సులో ఎక్కడెక్కడ కూర్చోవాలన్నది. నాకు ప్రాణమైన పాఠం, మొదలుపెడితే ఆగను. ఆగి చూసుకునేసరికి రెండు గంటలు దాటింది, ఇడ్లీలు మూత కింద అలాగే ఉన్నాయి. ఆటో ఎక్కి పరుగున వెళ్తే, ఆ అమ్మాయి నా మోచేతి పైన రబ్బరు పట్టీ కడుతూ "తిన్నారాండీ?" అంది. "తిన్నానమ్మా, రెండు గంటలైంది" అన్నాను. నా నోరు నన్ను అడక్కుండానే ఆ మాట అనేసింది.

మర్నాడు డాక్టరుగారు కాగితం చూసి మురిసిపోయారు. తిన్న తర్వాత కూడా ఇంత తక్కువుందంటే బాగా కట్టడిగా ఉంటున్నారు టీచరుగారూ అని, మాత్రను సగానికి తగ్గించి రాశారు. ఆ చీటీ పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాను. ఇదే అబద్ధాన్ని, ఇదే జబ్బు దగ్గర, ఈ ఊళ్ళోనే మా నాయనమ్మ నోట విన్నాను. అప్పుడు నేను పక్కనే నిలబడి దాన్ని తప్పుల్లేని ఇంగ్లీషులోకి మార్చి మరీ అప్పజెప్పాను. ఆ సంగతి ఉన్నదున్నట్టుగా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో దాన్ని వేరే కథగా చెప్పుకుంటారు. ఆ కథలో నేను చాలా తెలివైన పిల్లని.

పెదబొడ్డేపల్లి వైపు పోయే రోడ్డు పక్క సందులో ఉండేది మా ఇల్లు. ముందు వరండా, మధ్యన గది, వెనక పొయ్యి. అటక మీద బెల్లం దిమ్మలు, మంచం కింద జీడిపిక్కల బస్తా, ఇంటికి ఎప్పుడూ ఆ రెండు వాసనలే. మూడో వాసన నాయనమ్మది. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకునేది. పనంతా అయ్యాక, మగవాళ్ళు తిని, పిల్లలు తిని, మా అమ్మ తిని, ఎప్పుడో మూడు గంటలకి తను నాలుగు మెతుకులు తిని వెనక గుమ్మంలో కూర్చుని ఆ చుట్ట కాల్చుకునేది. ఆవిడ తింటూండగా చూసిన జ్ఞాపకం నాకు పెద్దగా లేదు, తిన్నానని చెప్పడమే ఎక్కువ విన్నాను. ఎవరు ఏ వేళప్పుడు అడిగినా "ఇప్పుడే తిన్నాను" అనేది.

నాయనమ్మ ఒక్కర్తే కాదు, మా సందులో ఆ ప్రశ్నకి నిజం చెప్పినవాళ్ళు లేరు. భోజనాల వేళకి ఎవరైనా వస్తే, తిన్నారా అని అడగడం మన మర్యాద, ఇప్పుడే తిని వచ్చానని చెప్పడం వాళ్ళ మర్యాద. ఇంకా తినలేదంటే అన్నం పెట్టమని చెయ్యి చాచినట్టు. అందుకని మళ్ళీ అడగాలి. కడుపు నిండుగా ఉందని వాళ్ళు మళ్ళీ అనాలి. మూడోసారి అడుగుతూ విస్తరి వేసేయాలి. అప్పుడు వాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చుంటారు. మొదటి రెండు జవాబులూ లెక్కలోకి రావని పసిపిల్లలకి కూడా తెలుసు. ఒక్కసారి అడిగి ఊరుకున్న ఇంటిని గురించి మా నాయనమ్మ ఏళ్ళ తరబడి మాట్లాడేది. "అడిగినట్టే అడిగి ఊరుకున్నారు, మనుషుల ఆకలి ఆళ్ళకేటి తెలుస్తాది" అనేది.

పొద్దున్నే నేను వెళ్ళే ట్యూషన్లో చట్టం వేరు. సూర్యం మాస్టారని, రెండు వీధుల అవతల ఉండేవారు. సన్నగా, ఎప్పుడూ మడత నలగని చొక్కాతో, కోపం లేని కటువు గొంతుతో ఉండేవారు. ఆయన ఇంగ్లీషు చెప్పే తీరు వేరు. పిల్లల్ని వరుసగా పీటల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళకి ఒక్కో మాట పేరు పెట్టేవారు. ఒకడు ఐ, పక్కవాడు హ్యావ్, ఆ పక్కమ్మాయి ఈటెన్. జస్ట్ వచ్చిందంటే హ్యావ్‌కీ ఈటెన్‌కీ మధ్యన ఇరుక్కుని కూర్చోవాలి. ఆల్రెడీ, నెవర్ కూడా అక్కడే. యెట్ మాత్రం అందరూ సర్దుకున్నాక చిట్టచివర, గుమ్మం దగ్గర. నేను పొడుగ్గా ఉండేదాన్ని, పైగా రోజూ ఆఖర్న వచ్చేదాన్ని, కాబట్టి యెట్ ఎప్పుడూ నేనే. యెట్ అంటే మీ ఇళ్ళలో ఆఖర్న తినే ఆడమనిషి లాంటిది, చివర్న వస్తుంది గానీ అది లేకపోతే సంగతి తేలదు, అనేవారు మాస్టారు. అది మాకు నవ్వులాటగానే ఉండేది.

ఆ గుమ్మం దాటాలంటే ప్రతి పిల్లా పొద్దుటి నుంచీ తను చేసిన పని గురించి ఒక వాక్యం చెప్పాలి. వాక్యం తప్పయితే దిద్దుతాను, అబద్ధమైతే ఇంటికి పంపిస్తాను అనేవారు. ఒకరోజు నేను "ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్ ఉప్మా" అన్నాను. జస్ట్ దాని పీట మీద అది బుద్ధిగా కూర్చుంది, ఒక్క తప్పు లేదు. మాస్టారు నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు వాసన చూశారు. పోపు వాసన లేదు, పలక వాసన ఉంది. ఆ పూట మా అమ్మకి పొయ్యి రాజుకోలేదు, అందుకని ఖాళీ కడుపుతో వచ్చాను. వెళ్ళి తినేసి రా అని వెనక్కి పంపించారు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే మా అమ్మ మొహం ఎర్రబడిపోయింది. "బయటోళ్ళకాడ తిన్నేదని సెప్పీసినావేటి? పరువు తీసీసినావు గదే" అంది. నేను చెప్పలేదు, నా చెయ్యి చెప్పింది. ఎవరి మాట వినాలో ఆ రోజు నాకు తేలలేదు. ట్యూషన్లో మాస్టారి మాట, ఇంట్లో అమ్మ మాట అని పంచేసుకున్నాను. ఆ రెండూ ఒక్కచోట ఎదురుపడతాయని అప్పుడు అనుకోలేదు.

నేను పదో తరగతిలో ఉండగా నాయనమ్మ కాలికి పుండు పడింది. నెల్లాళ్ళు దాచి పెట్టి, పసుపు అద్ది, గుడ్డ కట్టి, ఆఖరికి కుంటుతుంటే మా చిన్నాన్న బలవంతాన తీసుకెళ్ళి ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రిలో చేర్పించాడు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆరు మంచాల గది, సున్నం వాసన, కిటికీ కింద మరిగే నీళ్ళలో గాజు సిరంజీలు. ఏలియమ్మ అనే మలయాళీ నర్సు అప్పుడే కొత్తగా వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు. మాటలు అటూ ఇటూ చేరవేసే ఆయా ఆ వారం సెలవు పెట్టింది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నర్సు అడిగితే చిన్నాన్న నన్ను ముందుకి తోశాడు. మొదటి రోజే ఆవిడ నాకు నెమ్మదిగా, వేలు చూపించి మరీ చెప్పింది. ఈ షుగరు ఇంజక్షన్ అన్నంతో ముడిపడి ఉంది, తినకపోతే నాకు చెప్పాలి, తినకుండా చేస్తే మనిషికి ప్రమాదం అని. నేను తెలుగులో అదంతా నాయనమ్మకి చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. రోజూ మధ్యాహ్నం నర్సు అడిగేది, నేను చెప్పేదాన్ని, ఆవిడ సూది వేసేది. నా ఇంగ్లీషుని బయటి మనిషి ఒకరు అర్థం చేసుకుని దాని ప్రకారం పని చెయ్యడం నాకు అదే మొదలు. గర్వంతో నా కాళ్ళు నేలకి ఆనేవి కావు.

పక్క మంచం మీద ఒక కొండపిల్ల జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉండేది. కొయ్యూరుకి ఇంకా పైన ఎక్కడిదో ఊరు. తల్లి లచ్చమ్మ కూతురి మంచం పక్కన కింద కూర్చుని ఉండేది. వాళ్ళ మనుషులు బస్సులో అన్నం, అంబలి పంపేవాళ్ళు. వానలకి ఏరు పొంగి రెండు రోజులుగా బస్సు రావడం లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. నేను వెళ్ళేసరికి చిన్నాన్న క్యారేజీ ఇచ్చేసి బజారుకి వెళ్ళాడు. క్యారేజీ గిన్నెలు కడిగి కిటికీలో బోర్లించి ఉన్నాయి. నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. నర్సు ట్రే పట్టుకుని వచ్చి, నావైపు చూసి, తిన్నదా అని అడిగింది. నేను నాయనమ్మని అడిగాను, "తిన్నావా?" అని. ఒక్కసారే అడిగాను.

"ఇప్పుడే తిన్నానమ్మా" అంది నాయనమ్మ, నర్సు వైపు చూసి నవ్వుతూ. అది ఇంటికొచ్చినవాళ్ళని చూసి నవ్వే నవ్వు.

"షి హ్యాజ్ జస్ట్ ఈటెన్" అన్నాను. ఐకి హ్యావ్ అయితే షికి హ్యాజ్, జస్ట్ దాని పీట మీద అది. అంత మంచి వాక్యం నా నోట అంతకు ముందు రాలేదు. నర్సు కళ్ళు పెద్దవి చేసి, వెరీ గుడ్ ఇంగ్లీష్ అంది. సూది వేసింది. దూదితో నొక్కి పట్టుకోమని నాకు చూపించి, ట్రే తీసుకుని వరండా అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

దూది నొక్కి పట్టుకోవాలంటే నాయనమ్మ చెయ్యి పట్టుకోవాలి. ఆవిడ కుడి అరచెయ్యి నా మొహానికి దగ్గరగా వచ్చింది. చుట్ట పొగాకు వాసన ఉంది. ఆసుపత్రిలో కూడా ఎక్కడో దాచుకుని కాలుస్తోందన్న మాట. ఇంకే వాసనా లేదు. ఆ పూట మా అమ్మ మెంతికూర పప్పు వండింది, వెల్లుల్లి పోపు వేసి. బడి నుంచి వచ్చి నేనూ అదే తిని వచ్చాను, సబ్బుతో కడిగినా నా వేళ్ళకి ఇంకా ఆ వాసన ఉంది. నేను మెల్లగా తలెత్తి చూశాను. లచ్చమ్మ కింద కూర్చుని, కొంగుతో మూతి తుడుచుకుంటూ, నావైపు చూసి చటుక్కున తల దించుకుంది. ఆమె చీర అంచు మీద పచ్చటి పప్పు మరక ఉంది.

నాకు అంతా తెలిసిపోయింది. నాయనమ్మ ఆమెని తిన్నావా అని అడిగి ఉంటుంది. ఆమె తిన్నానని ఉంటుంది. మళ్ళీ అడిగి, మూడోసారి అడుగుతూ గిన్నె చేతిలో పెట్టేసి ఉంటుంది. పరాయి మనిషి చెప్పిన మొదటి జవాబుని నమ్మకుండా మూడుసార్లు అడిగిన మనిషిని నేను ఒక్కసారే అడిగాను. మా ఊరి పద్ధతి తెలియని నర్సు నా మాట నమ్మింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పద్ధతి తెలిసిన దాన్ని నేను, వాక్యం ఎలా కూర్చాలా అన్న ధ్యాసలో పడి ఊరుకున్నాను.

లేచి పరిగెత్తి నర్సుకి చెప్పేస్తే సరిపోయేది. ఇరవై అడుగుల దూరం. నేను లేవబోయాను, నిజంగానే లేవబోయాను. నాయనమ్మ నా మణికట్టు పట్టుకుంది. అప్పుడే గుమ్మంలో చిన్నాన్న చెప్పులు విడుస్తున్నాడు. చిన్నాన్న కోపం మా సందంతా ఎరిగినదే. తల్లికని పంపిన పత్యం కూడు ఎవరో తిన్నారని తెలిస్తే గది ఎగిరిపోయేలా అరుస్తాడు. లచ్చమ్మని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినా ఈడుస్తాడు అనుకున్నాం మేమిద్దరం. నాయనమ్మ నా చెవి దగ్గర అంది.

"ఊరుకో. ఓ పూట తినకపోతే ఏటైపోతాది?"

ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి రోజు నర్సు చెప్పిన మాటని నేనే తెలుగు చేశాను. అయినా కూర్చున్నాను. చిన్నాన్న వచ్చి, తినేశావా అమ్మా అని అడిగాడు. తినేశాన్రా అంది. ఆయన అరటిపళ్ళు ఏవో గూట్లో పెట్టి, స్టూలు లాక్కుని పేపరు తెరిచాడు. ఆ అరటిపండు ఒక్కటి వలిచి ఆవిడ నోట్లో పెట్టినా సరిపోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది. షుగరు మనిషికి అరటిపండేమిటని చిన్నాన్న తిడతాడని భయపడ్డాను. పిల్లల కోసం తెచ్చిన పళ్ళు అవి. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పెద్ద ముల్లు కదలడం కళ్ళతో చూశాను. ఆవిడ పక్కకి ఒరిగితే లేచి చెబుదాం, కళ్ళు తిరిగితే చెబుదాం, ఇంకో అయిదు నిమిషాలు చూసి చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి తెగించి "నిజంగా తిన్నావా?" అని గొణిగాను. అది రెండోసారి. తిన్నానే అంది, కొంచెం విసుగ్గా. మూడోసారి అడగలేదు.

ముందు నుదురు తడిసింది. వానాకాలపు ఉక్క అంది నాయనమ్మ. తర్వాత జాకెట్టు వీపంతా తడిసిపోయింది. నేను పట్టుకున్న చెయ్యి సన్నగా వణకడం మొదలైంది. చుట్ట ఏదే అని అడిగింది నన్ను, ఇంట్లో వెనక గుమ్మంలో కూర్చున్నట్టు. తర్వాత మా అమ్మని పిలిచింది. అమ్మ అక్కడ లేదు. నా పేరు సుభద్ర అని నాయనమ్మకి గుర్తు లేనట్టు, ఎవరివమ్మా నువ్వు అంది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ జరిగింది అది.

లేచింది లచ్చమ్మ. నాకూ మంచానికీ మధ్య నుంచి వచ్చి చిన్నాన్న ఎదురుగా నిలబడింది. ఆమె గొంతు అంతకు ముందు మేమెవరం విననే లేదు.

"బాబూ, ఆయమ్మ తిన్నేదు. ఆ కూడు నాను తినీసినాను. బేగి సెప్పండి ఆ సూదమ్మకి."

చిన్నాన్న పేపరు కింద పడింది. అప్పుడు పరిగెత్తాను నేను. ఆ ఇరవై అడుగులూ పరిగెత్తి, "సిస్టర్, షి హ్యాజ్ నాట్ ఈటెన్ యెట్" అని అరిచాను. యెట్ చివర్నే పడింది. ఆ కంగారులో కూడా ఎలా పడిందో తెలియదు. నర్సు మొహం పాలిపోయింది. పంచదార, ఏదైనా తీపి, త్వరగా, అంటూ వచ్చింది. చిన్నాన్న ఎదురుగా ఉన్న టీ కొట్టుకి దూకాడు. ఈలోపు లచ్చమ్మ తన మూటలోంచి తేనె సీసా తీసింది. కూతురికి నయమయ్యాక డాక్టరుకి ఇద్దామని కొండ నుంచి తెచ్చుకున్న తేనె అది. నర్సు దాన్ని వేలితో నాయనమ్మ చిగుళ్ళకి రాసింది, రాస్తూనే ఉంది. తర్వాత డాక్టరు వచ్చి నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. అరగంటకి నాయనమ్మ కళ్ళు తెరిచి, నర్సుని చూసి, మళ్ళీ అదే నవ్వు నవ్వింది. నేను గోడ పక్కకి పోయి ఏడ్చాను.

చిన్నాన్న లచ్చమ్మని ఒక్క మాట అనలేదు. మేం భయపడినదంతా మా బుర్రల్లోనే ఉంది. మర్నాడు ఆయన సైకిలు హ్యాండిలుకి రెండు క్యారేజీలు తగిలించుకుని వచ్చాడు. ఒకటి తెచ్చి లచ్చమ్మ ముందు పెట్టాడు. తిన్నావా అని అడగలేదు. బస్సు వచ్చేదాకా రోజూ అలాగే చేశాడు.

లచ్చమ్మ మాట నర్సుకి అర్థం కాలేదు కదా, ఆవిడ చెవిన పడింది నా ఇంగ్లీషే. ఈ పిల్ల సమయానికి కనిపెట్టి చెప్పకపోతే ముసలావిడ దక్కేది కాదని ఆవిడ డాక్టరుకి చెప్పింది. డాక్టరు చిన్నాన్నకి చెప్పాడు. నిజం తెలిసిన చిన్నాన్న కూడా, నేను పరిగెత్తిన సంగతే ఇంట్లో పెద్దగా చెప్పాడు. నన్ను పైకెత్తాలన్న ప్రేమ తప్ప ఆయనకి వేరే ఉద్దేశం లేదు. ఇంటి దగ్గర దిష్టి తీశారు. నేను కాదనలేదు. సోమవారం ట్యూషన్ గుమ్మంలో "ఐ హ్యావ్ సేవ్డ్ మై గ్రాండ్‌మదర్" అన్నాను. సూర్యం మాస్టారు అలవాటుగా నా కుడిచెయ్యి పట్టుకుని వాసన చూడబోయి, ఆగి, నా మొహంలోకి చూశారు. వాక్యం బాగుంది అన్నారు. ఇంటికి పంపించలేదు. పంపించి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను ఇంగ్లీషు టీచరునై, ముప్ఫై ఏళ్ళ పైన పిల్లలకి జస్ట్ ఎక్కడుంటుందో యెట్ ఎక్కడుంటుందో చెబుతూ బతికాను. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ లచ్చమ్మ గుర్తొచ్చేది. ఆమె కూతురికి జ్వరం తగ్గి, ఇద్దరూ బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆమె ఊరి పేరైనా అడిగి ఉంచుకోలేదు నేను.

నాయనమ్మకి మాత్రం అంతా తెలుసు. పుండు మానాక ఒక మధ్యాహ్నం వెనక గుమ్మంలో చుట్ట వెలిగించుకుంటూ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "ఒలే సుబద్రా, ఆ రోజు ఆ సిస్టరమ్మకి ఏటని సెప్పినావు? ఆ మాట నాకూ నేర్పు" అంది. వాక్యం అంతా ఆవిడ నోటికి పట్టదని, నాట్ యెట్ అంటే చాలన్నాను. ఇంకా తినలేదని అర్థం వస్తుందన్నాను. ఆవిడ నాలుగుసార్లు అని చూసుకుంది. "ఇందులో సిగ్గేటీ తెలవడం నేదే" అంది ఆశ్చర్యంగా. నిజమే, ఆ మాటలో ఆవిడకి చెయ్యి చాచినట్టు లేదు. మన మాటల్లో తినలేదంటే పుట్టినప్పటి నుంచీ మోసిన మర్యాదంతా మీద పడుతుంది. ఇంగ్లీషులో ఆవిడకి చుట్టాలు లేరు, ఇరుగుపొరుగు లేరు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా అదే నడిచింది. మా అమ్మ తెలుగులో అడిగితే ఇప్పుడే తిన్నానమ్మా అనేది. నేను వెనకాలే వెళ్ళి "హ్యావ్ యూ ఈటెన్?" అంటే, అటూ ఇటూ చూసి "నాట్ యెట్" అనేది. నేను కంచం పెట్టేదాన్ని. ఇంజక్షన్ ఇంట్లోనే చేయించుకోవాల్సి వచ్చిన రోజుల్లో ఆ రెండు మాటలే ఆవిడని కాపాడాయి. ఆఖరి రోజుల్లో మాట సరిగా వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం ఆవిడ చెవి దగ్గరికి వంగి ఎప్పటిలాగే అడిగాను. చాలాసేపటికి "నాట్..." అని ఆగిపోయింది. రెండో మాట రాలేదు. మూడు చెంచాల జావ పట్టించాను, అంతే తాగింది. సాయంత్రంలోపే పోయింది.

ఇప్పుడు నన్ను తిన్నారా అని అడిగేవాళ్ళకి కొదవ లేదు. ఫోన్లో అడుగుతారు, బొటనవేలి బొమ్మ పంపిస్తాను, సంభాషణ అయిపోతుంది. మూడోసారి అడిగే తీరిక ఎవరికీ లేదు. మిషన్లు మొదటి జవాబునే నమ్ముతాయి, ఆ జవాబు మీద అంకెలు వేస్తాయి, ఆ అంకెల మీద డాక్టర్లు మాత్రలు తగ్గిస్తారు. మన అబద్ధపు మర్యాద మాత్రం అలాగే మిగిలింది. దాన్ని పట్టుకునే మనుషులు పోయారు. నాయనమ్మ ఉంటే నా ఇడ్లీల సంగతి క్షణంలో కనిపెట్టేసేది.

ఆ మెట్ల మీంచి నేను తిన్నగా రక్తపరీక్షల గదికి వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర దాటింది, బయట పదిమందికి పైగా వరసలో ఉన్నారు. నిన్న తిన్నానని చెప్పాను గానీ తినలేదమ్మా, ఆ పరీక్ష లెక్కలోకి తీసుకోకండి, డాక్టరుగారికి కూడా చెబుతాను అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి నవ్వేసింది. చాలామంది అలాగే చెబుతారండి, రేపు మళ్ళీ ఇద్దురుగాని అంది. సీసాల మీద కాగితాలు అంటిస్తూనే మాట్లాడుతోంది. ఆమె స్టూలు కింద రుమాల్లో ముడేసిన టిఫిను డబ్బా ఉంది. ముడి అలాగే ఉంది.

"నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాను.

ఇప్పుడే తిన్నానండీ అంది, తలెత్తకుండా. నిజంగానా అన్నాను. నిజంగానేనండి అంది, కొంచెం విసుగ్గా. ఆమె చేతుల్లోంచి స్పిరిట్ వాసన వస్తోంది, ఇంకే వాసనా లేదు. నేను దగ్గరికి జరిగి మూడోసారి అడిగాను.

"హ్యావ్ యూ ఈటెన్?"

ఆమె చెయ్యి ఆగింది. తలుపులోంచి వరస వైపు చూసింది, నావైపు చూసింది. "నాట్ యెట్, మేడమ్" అంది, చాలా నెమ్మదిగా.

నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీని తలుపుకి అడ్డంగా లాక్కుని కూర్చున్నాను. ఏటండీ, ఎంతసేపండీ అని వరసలో గొణుగుడు మొదలైంది. లోపల డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించేదాకా నేను ఎవరికీ జవాబు చెప్పలేదు.